తేలికైన గుడారము: అడవినడకకు ఎట్టిది తగును?

పిల్లలను కొండలకును అడవి అంచులకును నడక యాత్రకు పంపునప్పుడు తల్లిదండ్రులు మొదట అడుగునది భోజనమును గూర్చి. తరువాత అడుగునది రాత్రి పడకను గూర్చి. భోజనమును గూర్చి సమాధానము చెప్పుట సులభము. పడకను గూర్చి చెప్పవలెనన్నచో గుడారమును గూర్చి కొంత తెలిసికొనక తప్పదు. నేడు గుడారములు పట్టణపు అంగళ్లలో దొరకుచున్నవి; ఇంటికే తెచ్చి ఇచ్చు వ్యాపారులవద్దను దొరకుచున్నవి. విదేశములందున్న బంధువులు ప్రేమతో తెచ్చి ఇచ్చునవియు కలవు. వీనిలో కొన్ని మంచు కొండలకు ఏర్పడినవి. కొన్ని సముద్రతీరమున పగటి నీడకు మాత్రమే పనికివచ్చునవి. ఈ రెండు తెగలును మన ప్రాంతపు అడవికి తగవు. కావున ధనము వెచ్చించుటకు ముందు కొన్ని సంగతులు విచారించుట మంచిది.

ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే. గుడారము తేలికగా ఉండవలెను. కాని ఆ తేలికదనము దేనిని వదలుటవలన వచ్చినదో చూచి మరీ కొనవలెను. గోడల మందమును వదలవచ్చును. ఎత్తును వదలవచ్చును. అలంకారమును వదలవచ్చును. నేలగుడ్డను, వలతెరను, వానపొరను మాత్రము వదలరాదు.

వేటగాని నివాసము

ఈ విషయమున మనుష్యజాతికి మొదటి గురువు వేటగాడు. మృగము వెంట తిరుగువాడు ఒకచోట ఇల్లు కట్టుకొని కూర్చుండలేడు. ఇంటిని వెంట మోయవలెను. లేదా దారిలో దొరకినదానినే ఇల్లుగా చేసికొనవలెను. ఈ రెండవ మార్గమునకు మిక్కిలి ప్రాచీనమైన ఉదాహరణము మన తిరువళ్లూరు జిల్లాలోనే ఉన్నది. పూండి జలాశయమునకు సమీపమున, అల్లికుళి కొండలలో గుడియం గుహలు కలవు. అచ్చటికి దగ్గరలోనే ఉన్న అత్తిరంపాక్కమున 1863లో రాబర్టు బ్రూస్ ఫుట్, విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞులు పాత రాతియుగపు పనిముట్లను కనుగొనిరి. శాంతి పప్పుగారును వారి సహచరులును అచ్చట త్రవ్వి పరిశీలించి, వానిలో మిక్కిలి పాతవి సుమారు 15 లక్షల సంవత్సరములనాటివని 2011లో ప్రకటించిరి. కొసస్తలై అని పిలువబడు మన కుశస్థలి నది పరీవాహక ప్రాంతమున ఆ ఆదిమ మానవులు వేటాడిరి. కొండచరియలు వారికి ఆశ్రయము లిచ్చినవి. పైన వాన పడని కప్పు, ఎదుట గాలి ఆడు ఖాళీ: మంచి గుడారమునకు నేటికిని కావలసిన మొదటి రెండు లక్షణములు అవియే.

శ్రీకాళహస్తి క్షేత్రకథలోని తిన్నడు వేటగాడే. మన ప్రాంతపు యానాదులును ఇరుళర్లును అడవి నెరిగిన జనులు. తాటాకులతో కొమ్మలతో కావలసినచోట గుడిసె వేసికొనుట వారికి తెలిసిన విద్య. వారు ఇంటిని మోయలేదు. ఇంటిని కట్టు నేర్పును మోసిరి. మన పిల్లలకు ఆ నేర్పు లేదు. నేడు అడవిలో కొమ్మలు నరుకుటకు అనుమతియు లేదు. అందువలన వారు కప్పును వెంట కొనిపోవలసియున్నది.

దొరల శిబిరము, నేటి చట్టము

ఆంగ్లేయుల కాలమున వేటకు వెడలిన అధికారుల గుడారములు వేరు విధమైనవి. అవి దళసరి నూలు కాన్వాసుతో కుట్టినవి. వానిని మోయుటకు ఎద్దుబండ్లు, నిలువబెట్టుటకు కూలీలు, ముందుగా పోయి వంట సిద్ధము చేయుటకు పనివారు ఉండెడివారు. జమాబందికి వచ్చు కలెక్టరుగారి డేరాలును అట్టివే. బరువు మోయువాడొకడు, నిద్రించువాడొకడు అయినప్పుడు బరువును గూర్చి విచారము పుట్టదు. ఐనను ఆ గుడారములయందు ఒక మంచి గుణముండెను. మన ఎండనుబట్టి వానికి రెండు కప్పులు వేసి, నడుమ గాలి ఆడునట్లు ఖాళీ విడిచెడివారు. ఈ సంగతి ముందు మరల ప్రస్తావింతును.

శేషాచల పంక్తిలోని చామల లోయ, మామండూరు అడవులు ఒకప్పుడు పులులకు ప్రసిద్ధములు. బొలారములో జన్మించిన కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) అను వేటగాడు అచ్చటి పులుల కథలను తన గ్రంథములలో వ్రాసెను. వానిలో మొదటిది 1954లో వెలువడినది. ఆ కాలము గడచినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1991లో దానిని సవరించి మరింత కఠినము చేసిరి. నేడు మన దేశమున వినోదము కొరకు అడవి మృగములను వేటాడుట నేరము. ఈ సంగతి పిల్లలకు స్పష్టముగా చెప్పవలెను. వారు అడవికి పోవునది చూచుటకు, వినుటకు, వ్రాసికొనుటకు మాత్రమే.

అట్లయినచో వేటగాని గుడారముతో మనకేమి పని? పని కలదు. అమెరికా పశ్చిమ పర్వతములందును, అలాస్కాయందును, న్యూజిలాండునందును వేట అనుమతిపత్రము పొందినవారు బాట లేని కొండలలో పలు దినములు కాలినడకన తిరుగుదురు. వారికి బండి లేదు, కూలి లేడు. ఆహారము, పడక, ఇల్లు అన్నియు వీపుమీదనే. కావున ప్రతి గ్రామును లెక్కించి గుడారములు చేయించుకొనిరి. పర్వతారోహకులును అట్లే చేసిరి. బరువు తగ్గించుటకు వారు ముఖ్యముగా మూడు ఉపాయములు పట్టిరి: నేలగుడ్డ లేకుండుట, రెండు పొరలకు బదులు ఒకే పొర ఉండుట, గుడారపు కర్రకు బదులు చేతికర్రనే నిలుపుట. ఈ మూడింటిలో మనకేది తగును, ఏది తగదు అన్నదే విచారింపవలసిన విషయము.

బరువు లెక్క

మొదట పిల్లవాని వీపును లెక్కింతము. 2020లో భారత ప్రభుత్వము ప్రకటించిన పాఠశాల సంచి విధానము ప్రకారము విద్యార్థి సంచి బరువు అతని శరీరపు బరువులో పదింట ఒక వంతును మించరాదు. అది నిత్యము బడికి మోయు సంచిని గూర్చి చెప్పినది. కొండదారిలో మోయు సంచికి అంతకంటె ఉదారమైన లెక్క వేయుటకు కారణము కనబడదు. కావున దానినే మనము ప్రమాణముగా తీసికొందము.

40 కిలోల బాలుడు 4 కిలోలు మోయవచ్చును. అందులో లీటరున్నర నీరు ఒకటిన్నర కిలో. దుప్పటియు మార్పు బట్టలును ఒక కిలో. ఆహారము, దీపము, చిల్లర వస్తువులు అర కిలో. ఇవి మూడు కిలోలు. మిగిలినది ఒక్క కిలో. గుడారములో అతని వంతు అంతకు మించరాదు. అనగా ఇద్దరు నిద్రించు గుడారము 2 కిలోలు, ముగ్గురు నిద్రించునది 3 కిలోలు దాటకుండ ఉండవలెను. నలుగురు పట్టు కాన్వాసు గుడారము 20 కిలోలు దాటుట సామాన్యము. వానలో తడిసినచో ఇంకను బరువెక్కును. అది మోటారుబండి పోవు శిబిరమునకు తగినది గాని పిల్లవాని వీపునకు తగినది కాదు.

గుడారపు చీటీపై రెండు బరువులు ముద్రించుట కలదు. ఒకటి గుడ్డయు కర్రలును మాత్రము కలిపిన కనిష్ఠ బరువు. రెండవది మేకులు, త్రాళ్లు, సంచులు అన్నియు చేరిన పూర్తి బరువు. పిల్లవాడు మోయునది రెండవదానినే. కావున దానినే చూడవలెను. కొన్న తరువాత కిరాణా అంగడి త్రాసులో వేసి తూచుట ఇంకను మేలు.

ఒక గుడారమును ఇద్దరు పంచుకొని మోయునప్పుడు ఒకరు లోపలి పొరను, మరియొకరు పైపొరను కర్రలను తీసికొందురు. అట్టి ఇద్దరు దారిలో విడిపోరాదు. విడిపోయినచో రాత్రికి ఇద్దరికిని ఇల్లుండదు. ఈ నియమమును ఉపాధ్యాయులు బయలుదేరుటకు ముందే చెప్పవలెను.

గుడ్డను గూర్చి

తేలిక గుడారములు రసాయనిక నూలు పుట్టిన తరువాత సాధ్యమైనవి. నైలాను 1935లో అమెరికాలోని డ్యూపాంట్ పరిశోధనశాలయందు పుట్టినది. పాలిస్టరు నూలును 1941లో ఇంగ్లండునందు విన్‌ఫీల్డు, డిక్సను అనువారు కనిపెట్టిరి. నేటి గుడారములలో అధికభాగము ఈ రెండింటిలో ఒకదానితో నేసినవే.

చీటీపై ‘డెనియరు’ అను మాట కనబడును. దాని అర్థము కఠినమైనది కాదు. 9000 మీటర్ల పొడవుగల పోగు ఎన్ని గ్రాములు తూగునో అదియే దాని డెనియరు. 20 డెనియరనగా అంత పొడవు పోగు 20 గ్రాములు మాత్రమే తూగునన్నమాట. అంకె తగ్గినకొలది గుడ్డ పలుచన, బరువు తక్కువ, చిరుగుటకు భయమెక్కువ. పైపొరకు 20 లేక 30 చాలును. రాళ్లతో ముళ్లతో రాయిడిపడు నేలగుడ్డకు అంతకంటె ఎక్కువ ఉండుట మంచిది. గుడ్డను కంటికి దగ్గరగా పట్టి చూచినచో చిన్న చిన్న గళ్లు కనబడవలెను. ఆ గళ్లయందు గట్టి పోగులు నేసియుండుటచేత ఒకచోట చిరిగినను చిరుగు గడిదాటి సులభముగ ప్రాకదు.

నైలాను పాలిస్టరుకంటె బలమైనది. కాని వాన తగిలినప్పుడు నీటిని పీల్చి సాగును. సాయంకాలము బిగించి కట్టిన గుడారము నడిరేయి వానకు వదులై వ్రేలాడును. పాలిస్టరు అంతగా సాగదు. ఎండకును కొంత ఎక్కువ ఓర్చును. రెండునెలలు మంచుకొండలలో తిరుగువానికి నైలాను మేలు కావచ్చును. ఎండయు వానయు తరచుగా తగులు మన ప్రాంతపు పాఠశాలకు పాలిస్టరు అనువైనది.

నీరు కారకుండుటకు గుడ్డపై పూత పూయుదురు. దాని శక్తిని మిల్లీమీటర్లలో చెప్పుదురు. గుడ్డను నిలువు గొట్టపు అడుగున బిగించి పైనుండి నీరు నింపుచు పోయినచో, ఎంత ఎత్తు నీటికి చుక్కలు చెమర్చునో అదియే ఆ అంకె. 1500 అన్నచో మీటరున్నర ఎత్తు నీటిని అది ఆపినదన్నమాట. పైపొరకు అది చాలును. నేలగుడ్డమీద మన మోకాలు, మోచేయి అదిమినప్పుడు క్రింది తడి పైకి వచ్చును. కావున దానికి 3000 వరకు ఉండుట మేలు. మరియొక సంగతి: పూత ఎంత మంచిదైనను సూది పోయిన రంధ్రములద్వారా నీరు దిగును. కావున కుట్లమీద లోపలివైపున పట్టీ అతికియున్నదో లేదో వేలితో తడవి చూడవలెను.

ఒక పొరయా, రెండు పొరలా?

మరిగిన అన్నపు గిన్నెమీద మూతపెట్టి కొంతసేపటికి తీసినచో మూత లోపలివైపున నీటిబొట్లు వ్రేలాడును. గుడారమునందును ఇదియే జరుగును. నిద్రించువారి ఊపిరియందును చెమటయందును ఉన్న ఆవిరి చల్లని గుడ్డను తాకి నీరగును. ఒక రాత్రిలో ఒక్కొక్కరినుండి వెలువడు ఈ తడి కొన్ని వందల మిల్లీలీటర్లు ఉండును. ఉదయమున పిల్లలు లేచి ‘వాన కారినది’ అందురు. అది వాన కాదు, వారి ఊపిరియే.

ఒకే పొరగల గుడారమునందు ఈ బొట్లు నేరుగా పడకపై పడును. రెండు పొరలున్నచో లోపలిది సన్నని వల, వెలుపలిది వానపొర. ఆవిరి వలగుండ పోయి వెలుపలిపొరను తాకి, దాని వెంబడి నేలకు జారును. నడుమ గాలి ఆడును. ఇంటి పెంకుల కప్పుమీద తాటాకు పందిరి వేసినచో లోపల చల్లబడుట మన పల్లెలలో ఎల్లరు ఎరిగినదే. దొరల డేరాకు రెండు కప్పులు వేసినదియు ఇందుకే. పొడి గాలి వీచు ఎత్తైన కొండలలో ఒకే పొరతో సరిపెట్టుకొనవచ్చును గాని, సముద్రపు తేమ తగులు మన ప్రాంతమున అది తగదు. ఇచ్చట రెండు పొరలును, పైపొరకు ఎదురెదురుగా రెండు గాలిరంధ్రములును ఉండవలెను. మంచుకొండల గుడారమున ఈ రంధ్రములు తక్కువ, గోడలు నేలవరకు మూసియుండును. దానిలో మన వేసవిరాత్రి గడుపుట ఆవిరికుండలో కూర్చుండుటయే.

నేలగుడ్డ, వలతెర

విదేశపు వేటగాండ్రలో చాలమంది నేలగుడ్డ లేని శంఖాకారపు గుడారమును వాడుదురు. నడుమ ఒక్క కర్ర నిలిపి చుట్టును మేకులు కొట్టుదురు. బురదకాళ్లతో లోనికి రావచ్చును. చలికి చిన్న పొయ్యి పెట్టుకొనవచ్చును. నలుగురు పట్టునదియు రెండు కిలోలకు లోపు దొరకును. చూచుటకు మిక్కిలి ఆకర్షణీయమైన ఏర్పాటు. మన పిల్లలకు మాత్రము అది పనికిరాదు.

కారణము మన నేలయే. కట్లపాము రాత్రివేళ సంచరించును. నేలపై పండుకొన్నవారు నిద్రలో దాని కాటునకు గురియగుట మన దేశమున జరుగుచునే ఉన్నది. ఆ కాటు నొప్పి అంతగా తెలియదు, వాపు కనబడకపోవచ్చును, తెల్లవారునప్పటికి రెప్పలు వాలి ఊపిరి బరువగును. నేపాలులో చేసిన పరిశీలనయందు దోమతెరలో నిద్రించుట పాముకాటునుండి రక్షణ ఇచ్చుచున్నట్లు తేలినది. అంచులు నలువైపుల దోపిన తెరకే ఆ శక్తి ఉన్నప్పుడు, నేలగుడ్డతో కలిపి కుట్టి జిప్పుతో మూయు వలతెరకు మరింత శక్తి ఉండుట సహజము. తేళ్లు, జెర్రులు, దోమలు దానికి వెలుపలనే నిలుచును. గడ్డిలోను పొదలలోను ఉండు సన్నని పురుగు కుట్టుటచే వచ్చు స్క్రబ్ టైఫస్ జ్వరము తమిళనాడునందు కొత్తది కాదు. దానికిని నేలగుడ్డ ఒక అడ్డు.

ఇట్టి నేలగుడ్డయు వలతెరయు కలిపి సుమారు అర కిలో నుండి ఒక కిలో వరకు బరువగును. దానిని వదలి బరువు తగ్గించితిమని సంతోషించుట తగదు. జిప్పు ఎంత మంచిదైనను మూసినప్పుడే పనిచేయును. లోనికి వచ్చినవాడు వెంటనే మూయవలెను. చెప్పులను వెలుపల విడిచి ఉదయమున దులిపి తొడుగుకొనవలెను. ఇన్ని జాగ్రత్తలతో కూడ పాము కరచినచో మంత్రములతో నాటువైద్యముతో కాలము పోగొట్టక, కదలించకుండ మోసికొని వెంటనే విషమునకు విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్పవలెను.

కర్రలు, మేకులు, త్రాళ్లు

కర్రలు రెండు విధములు: గాజునారతో చేసినవి, అల్యూమినియముతో చేసినవి. మొదటివి చౌక, కాని బరువు ఎక్కువ, విరిగినప్పుడు నారలు లేచి చేతిలో గ్రుచ్చుకొనును. అల్యూమినియపు గొట్టములు తేలిక. వంగినను తాత్కాలికముగా సరిచేయుటకు వీలుండును. ధర భేదమును భరింపగలిగినచో రెండవవానినే కొనవలెను. గుడారముతోబాటు జానెడు పొడవుగల చిన్న గొట్టము ఇత్తురు. విరిగిన కర్రపై తొడిగి కట్టుటకది. దానిని పారవేయరాదు.

చేతికర్రను గుడారపు కర్రగా నిలుపు ఉపాయము తెలివైనదే. బరువు నిజముగా తగ్గును. కాని అట్టి గుడారము మేకులు గట్టిగా దిగినప్పుడే నిలుచును. నాగలాపురము కొండలవంటి రాతినేలలో మేకు దిగదు. తన కర్రలతో తానే నిలుచు గుడారమైనచో మేకు దిగనిచోట మూలలను రాళ్లకు కట్టి నిలుపవచ్చును. పిల్లలు త్వరగా నేర్చుకొనునదియు ఇట్టిదే. అందువలన మన పాఠశాలకు తానే నిలుచునది కొనుట యుక్తము. ఇసుకనేలలో సన్నని మేకు ఊడివచ్చును. అట్టిచోట త్రాటికి ఒక పుల్లను అడ్డముగా కట్టి మూరెడు లోతున పాతి ఇసుకతో కప్పి త్రొక్కినచో గట్టిగా పట్టును.

పరిమాణము, రంగు

‘ఇద్దరికి’ అని చీటీపై ఉన్నచో ఇద్దరు ప్రక్కప్రక్కన ఆనుకొని పండుకొనుటకు మాత్రమే చోటుండునని గ్రహింపవలెను. ఒక్కొక్కరికి సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు ఇచ్చి కొలత వేయుదురు. సంచులకు వేరుగా చోటుండదు. తలుపు ముందర వానపొర క్రింద కొంత వసారా ఉన్నచో సంచులను అచ్చట పెట్టవచ్చును. ఎత్తు ఒక మీటరున్నచో కూర్చుండి చొక్కా మార్చుకొనుటకు చాలును. నిలువబడుటకు కావలెనన్నచో బరువు రెట్టింపగును.

వేటగాడు మృగము కంటబడకుండుటకు ఆకుపచ్చ, మట్టి రంగులు ఎన్నుకొనును. మనకు కావలసినది దీనికి విరుద్ధము. దారి తప్పిన పిల్లవానికి దూరమునుండి కనబడవలెను, వెదకువారికిని కనబడవలెను. కావున నారింజ, పసుపు రంగులు మేలు.

ఎచ్చట వేయవలెను?

మంచి గుడారమును చెడ్డచోట వేసినచో అది చెడ్డ గుడారమే. మన తామరైపాక్కం వారికి ఈ సంగతి విస్తరించి చెప్పనక్కరలేదు. ఈశాన్య ఋతుపవన కాలమున పూండి జలాశయపు తలుపులు ఎత్తినప్పుడు కొసస్తలై ఒడ్డు గ్రామములకు హెచ్చరికలు వచ్చుట మన కనుభవమే. పగలు ఎండియున్న ఇసుక రాత్రికి ఏరగును. కొండవాగు ఇంకను త్వరగా పొంగును. పైన ఎచ్చటనో కురిసిన వాన క్రింద మబ్బు లేనిచోటికి వచ్చి పడును. కావున ఇసుకతిన్నెలలోను వాగుల గర్భములలోను గుడారము వేయరాదు. ఎండుకొమ్మలున్న చెట్టు క్రింద, తాటిచెట్టు క్రింద, ఒంటరి చెట్టు క్రింద, పుట్టల సమీపమున వేయరాదు.

గుడారములో పొయ్యి గాని దీపపు మంట గాని పెట్టరాదు. రసాయనిక నూలు కరిగి శరీరమునకు అంటుకొనును. మూసిన గుడారమున మంటనుండి వెలువడు విషవాయువు వాసన లేకుండ ప్రాణము తీయును. అడవి నిప్పు అంతకంటె భయంకరము. 2018 మార్చి 11న తేని జిల్లాలోని కురంగణి కొండలలో కార్చిచ్చు చెలరేగి నడకకు వెళ్లిన 20 మందికి పైగా మరణించిరి. గడ్డి ఎండియున్న ఫిబ్రవరి మొదలు మే వరకు పిల్లలను కొండకు కొనిపోకుండుట ఉత్తమము.

అనుమతి లేక అడవిలో రాత్రి గడుపరాదు. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిలు 1న మదరాసు రాష్ట్రమున చేరినది. సరిహద్దు మారినది గాని కొండలు మారలేదు. నేడు ఒక వాలు తమిళనాడు అటవీశాఖది, మరియొక వాలు ఆంధ్ర అటవీశాఖది. ఏ వాలున నడచుచున్నామో ఆ శాఖవారి వ్రాతపూర్వకమైన అనుమతి ఉండవలెను. 2024 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వము మార్గదర్శకులతో కూడిన నడకదారుల పట్టికను ప్రకటించినది. అందులో మన గుడియం గుహల దారియు ఉన్నది. పిల్లలకు మొదటి నడక అదియే కాదగును. పగలు గుహలు చూచి వచ్చి, రాత్రి పాఠశాల ఆవరణలో గుడారములు వేసికొని నిద్రించినను వారి కానందమునకు లోటుండదు.

పరీక్ష, పోషణ

కొన్న గుడారమును మొదటిసారి అడవిలో విప్పరాదు. పాఠశాల మైదానమున నిలిపి, పైనుండి పది బిందెల నీరు పోయించి, లోపల పొడిగుడ్డతో తడవి చూడవలెను. తరువాత పిల్లలచేతనే వేయించి తీయించవలెను. పదిహేను నిమిషములలో వేయగలిగిన తరువాత చీకటిలో చేతిదీపముతో వేయించవలెను. ఇది కాక ఇంటివద్ద మిద్దెపై ఒక రాత్రి నిద్రింపజేయుటయు మంచిదే.

తడిసిన గుడారమును చుట్టి అటకపై పడవేసినచో మన తేమకును వేడికిని బూజు పట్టును. సామాన్యపు పూత జిగురెక్కి పొలుసులుగా ఊడును. యాత్రనుండి వచ్చిన మరునాడే నీడలో ఆరవేసి, బిగించి చుట్టక వదులు సంచిలో ఉంచవలెను. ఎండలో దినములతరబడి వదలినచో పోగులు బలహీనములగును. సబ్బుపొడితో, యంత్రములో ఉతుకరాదు. చల్లని నీటితో తుడిచిన చాలును. ఎలుకలు వాసన పట్టి కొరుకకుండ లోపల తినుబండారపు తునకలు లేకుండ దులుపవలెను.

ఎవరు కొనవలెను?

ప్రతి కుటుంబము వేరుగా గుడారము కొననక్కరలేదు. ఏడాదికి రెండు రాత్రులు వాడు వస్తువుకై మధ్యతరగతివారు శ్రమపడుట తగదు. చౌకదని పది కొనుటకంటె, పైన చెప్పిన లక్షణములుగల నాలుగింటిని సంఘము తరపున కొని పాఠశాలలో ఉంచుట లాభము. దళములు వంతుల ప్రకారము వాడుకొనవచ్చును. అట్లు చేసినచో కూలివాని బిడ్డయు ఉద్యోగి బిడ్డయు ఒకే కప్పు క్రింద, ఒకే బరువు మోసి, ఒకే విధమైన రక్షణతో నిద్రింతురు. ఎవరి గుడారము మంచిదను పోలిక పిల్లలలో పుట్టదు.

కొనువారు ఈ అయిదు ప్రశ్నలు అడిగిన చాలును. మేకులతో సంచితో కలిపి తలకొక కిలోకు లోబడినదా? వానపొర, వల అని రెండు పొరలున్నవా? నేలగుడ్డ వలతో కలిపి కుట్టినదా? కుట్లపై పట్టీ ఉన్నదా? మేకు దిగనిచోట తానే నిలుచునా? ఈ అయిదింటికి ‘అవును’ అను సమాధానము వచ్చినచో రంగులను, పేరును, ప్రకటనలను చూడనక్కరలేదు. ఒక్కదానికి ‘కాదు’ అని వచ్చినను, ఎంత తేలికయైనను, ఎంత చౌకయైనను విడిచిపెట్టవలెను. తేలికదనము పిల్లవాని వీపునకు మేలు చేయవలెను. వాని ప్రాణమునకు కీడు చేయరాదు. తల్లిదండ్రులు ఈ సంగతులను విచారించి, సంఘ సమావేశమున తమ అభిప్రాయములను తెలుపుదురుగాక.

— ప్రధానోపాధ్యాయుడు